బెల్లం రోజుల్లో మా రెండో గది

ఆ రోజుల్లో నా కోపం ముక్కు మీదే ఉండేది. ఇప్పుడు తగ్గిందంటే మా ఆవిడ ఒప్పుకోదు, ఆ సంగతి అలా ఉంచండి.

విశాఖపట్నం మీద బాంబులు పడ్డ మరుసటి యేడు, బడిపంతులు ఉద్యోగానికి రాజమండ్రి నుంచి అనకాపల్లి వచ్చాను. పట్నం జనమంతా తరలివచ్చి ఊళ్లో ఇల్లు దొరకడం గగనమైపోయింది. పైగా మా ఆవిడకి మూడో నెల. తల్లి లేని పిల్ల, పురుడు మేమే పోసుకోవాలి. అద్దె వాటాలో పురుడంటే మైల అని మూడిళ్లవాళ్లు మొహం మీదే తలుపేశారు. నాలుగోది ఒక బెల్లం వర్తకుడి ఇల్లు. రెండు గదుల వాటా. సంగతి చెబితే, "పురుడే కదా మేస్టారూ, దానికేటి? దిగిపోండి" అన్నాడు. ఆయన కాళ్ల మీద పడినంత పని చేశాను.

పురిటికని వెనక గదికి నేనే సున్నం వేశాను. నులక మంచం బిగించాను. అలా ఆరు నెలలు గడిచాయి.

పుష్యమాసంలో ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి మా ఆవిడ వీధి అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన గోడకి ఆనించి మా మంచం! లోపలికి వెళ్లి కొయ్యబారిపోయాను. వెనక గదిలో నేలన్నది కనబడలేదు. ఈ గోడ నుంచి ఆ గోడకి, నా తలకంటే ఎత్తున బెల్లం దిమ్మలు. కూలీలు ఇంకా మోసుకొస్తూనే ఉన్నారు.

"ఓరి నాయనో! ఇదేమిటండీ?" అన్నాను వర్తకుడితో.

"ఏటి మేస్టారూ, అలాగడుగుతారు? మునగపాక నించి బెల్లం బళ్లు దిగేయి. బెల్లం రోజుల్లో ఈ ఊళ్లో ఎవులి గది కాళీగా ఉంటాది? అద్దెకిచ్చినా అంతే. అందరికీ తెలిసిందే కదా!"

నిజమే, అందరికీ తెలుసునట. తోటి మేస్టర్ల ఇళ్లలోనూ అంతేనట. తెలియనిది నాకొక్కడికే. నాకు ఒళ్లు మండిపోయింది. అరుగు మీదికి వచ్చి వీధంతా వినేలా అరిచాను. "నెలలు నిండిన మనిషిని ఈ బెల్లం మీద పడుకోబెట్టమంటారా?" అప్పుడే వర్తకుడి భార్య గుమ్మంలోకి వచ్చింది. ఆవిడ మొహం చూస్తూనే అనేశాను: "పిల్లాపాపా లేని ఇంటికి పురిటి కష్టం ఏం తెలుస్తుందిలే!"

కూలీలు దిమ్మలు నెత్తిన పెట్టుకుని అలాగే నిలబడిపోయారు. వర్తకుడు తల దించుకున్నాడు. మా ఆవిడ నా చెయ్యి గట్టిగా గిల్లింది.

వర్తకుడి భార్య మాత్రం అరుగు దగ్గరికి వచ్చి మా ఆవిడ రెక్క పట్టుకుని లేవదీసింది. "రా అమ్మా, పొద్దుట్నుంచీ నాను ఆ పనే సేత్తన్నాను" అంటూ తమ పడకగదిలోకి తీసుకెళ్లింది. నేనూ వెనకే వెళ్లాను.

వాళ్ల మంచం తీసేసి ఉంది. అలికిన నేల, కొత్త చాప, ఉతికి మడతపెట్టిన పాత చీర ముక్కలు, మూల కుంపటి. పైన దూలానికి ఉయ్యాల కొక్కెం ఉంది. తుప్పు గీకి నూనె రాశారు.

"నాను కాపరానికొచ్చిన యేడు మా మావగారు కొట్టించేరు బాబూ" అంది, నా వైపు చూడకుండా. "ఇప్పటిదాకా దానికేటీ కట్టలేదు. బరువుకి ఆగుతాదో లేదో ఓపాలి సూడండి."

సిగ్గుతో చచ్చిపోయాను. రెండు చేతులతో కొక్కెం పట్టుకుని వేలాడాను.

"ఆగుతుందమ్మా" అన్నాను.