మేస్త్రి అరిచిన ‘విడు’

మా ల్యాబు మేస్త్రి పోయినాడు. మొన్న పొద్దున ఆయన కూతురు ఫోన్ చేసి, "నాయన లేడక్కా, నిద్రలోనే పోయినాడు" అనింది. వెంటనే ఆయన ఊరు కేజీఎఫ్‌కు బస్సెక్కినాను. ఇప్పుడు రాస్తా ఉంటే మాటలు ఆగడం లేదు.

ఆయన అక్కడి బంగారు గనుల్లో ఫిట్టరు. గనులు మూసినాక ఒక కాలేజీ ల్యాబులో చేరినాడు. బైరకూరు రైతుబిడ్డను నేను, అక్కడికి పరిశోధనకని పోయినాను. మా పని చెప్తే మా అమ్మకు నవ్వు. సోడాలో కొట్టే గ్యాసు ఉండాది కదా, దాన్ని ఉక్కుపాత్రలో పోసి, వేడిచేసి, బాగా అదిమితే అది గ్యాసూ కాదు, ద్రవమూ కాదు, రెండిటి గుణమూ పట్టుకుంటాది. మొక్కజొన్న పిండితో చేసిన ప్లాస్టిక్కులోకి మెల్లగా దూరిపోతాది. అప్పుడు వాల్వు ఒక్కసారిగా తిప్పితే, దూరిన గ్యాసు ఉబికి ప్లాస్టిక్కును బొరుగుల మాదిరి పొంగిస్తాది. టమాటా పెట్టెల్లోకి థర్మాకోల్ బదులు, మట్టిలో కలిసిపోయే మెత్తలు చేయాలని మా ఆశ.

మేస్త్రి రోజూ ప్రతి నట్టునూ వేలితో తడిమేవాడు. "ప్రెషరుకు భయపడు పాపా, తప్పులేదు. దాని దగ్గర అబద్ధం మాత్రం ఆడొద్దు" అనేవాడు.

నేను ఆడినాను. ఆ వాల్వంటే నాకు చచ్చేంత భయం. వెంట్రుకవాసి, వెంట్రుకవాసి తిప్పేదాన్ని. గ్యాసు చడీచప్పుడు లేకుండా జారుకునేది, ప్లాస్టిక్కు గట్టిగా అట్లే మిగిలేది. ల్యాబు బుక్కులో మాత్రం "ఒక్కసారిగా వదిలినాను" అని రాసేదాన్ని. ఏడాది ఇదే తంతు. చివరికి మా గైడు సారు, "నెలాఖరుకు ఇంగ ఈ పని ఆపేద్దామమ్మా" అన్నాడు. అంటే నా చదువూ ఆగినట్లే.

ఆ వారమే ఒక మధ్యాహ్నం, నేను వాల్వు మీద చెయ్యి వేసి నిలబడి ఉండగా పైపు బిగింపు దగ్గర బుస్సుమనింది. మూలనుంచి మేస్త్రి "విడుమా! విడు!" అని అరిచినాడు. ఆయన ఇంట్లో తమిళం. ‘ముట్టుకోవద్దు, వదిలేసి ఇవతలికి రా’ అని ఆయన అర్థం. గ్యాసు విడవమంటున్నాడని నా తెలుగు చెవికి వినిపించింది. కళ్లు మూసుకొని పూర్తిగా తిప్పేసినాను.

పైపు ఊడొచ్చింది. కళ్లు తెరిస్తే మేస్త్రి నాకూ పైపుకూ మధ్యలో ఉండాడు. గడ్డకట్టిన గ్యాసు ఆయన తలమీద, భుజాలమీద తెల్లగా పొడిపొడిగా రాలి ఉండాది. నా రెక్క పట్టుకొని బయటికి లాగి, కిటికీలన్నీ తెరిచినాడు. అప్పుడు చూసినాను, ఆయన కుడిచెయ్యి చలికి కాలి బొబ్బలెక్కింది.

పాత్ర తెరిస్తే ప్లాస్టిక్కు ఇడ్లీ మాదిరి పొంగి ఉండాది. "వచ్చింది మేస్త్రీ!" అని ఎగిరినాను.

ఆయన నవ్వలేదు. "నిన్నటిదాకా ఏల రాలేదు?"

ఏడుస్తా అంతా చెప్పినాను.

"పోయి నిజం రాయి. గనిలో ముందు షిఫ్టువాడు రాసిన బుక్కు చూసుకొనే ఇంకొకడు కిందికి దిగుతాడు. రేపు నీ బుక్కు నమ్మి ఎవరో ఈ వాల్వు పట్టుకుంటారు."

"సారు పంపించేస్తాడు."

"పంపితే పంపనీ. నేనూ వస్తాను పద. తప్పు ఒప్పుకునే చోట పక్కన ఒక మనిషి ఉండాల."

సారు తనివితీరా తిట్టినాడు. తర్వాత బుక్కు దిద్ది తెమ్మని, ఇంకో ఏడాది గడువిచ్చినాడు. ఈరోజు నేను తింటున్న అన్నం ఆ ఏడాదిదే. ఆ మాట మేస్త్రితో బతికుండగా చెప్పినాను, అదొక్కటే నాకు ఊరట.

ఆ బుక్కు నా దగ్గరే ఉండాది. నిన్న కేజీఎఫ్ నుంచి వచ్చినాక తీసి చూసినాను. ప్రతి పేజీలో "ఒక్కసారిగా" కొట్టేసి, పైన "భయపడి, మెల్లగా" అని నా రాత. కింద సాక్షిగా, కట్టు కట్టిన కుడిచేత్తో రాయలేక, ఎడమచేత్తో మేస్త్రి పెట్టిన వంకరటింకర సంతకం. ఒక్క పేజీ కూడా వదలలేదు.