బొట్టు పెట్టుకుని గడప దాటిన బ్రౌనీ

ఒంగోలు నుంచి గుంటూరు కాపురానికి వచ్చినప్పుడు నాతోపాటు నా కుక్క బ్రౌనీని కూడా తెచ్చుకున్నాను. మా అత్తగారికి మడి, ఆచారం ఎక్కువ. "గేటు దగ్గరే ఉండాలి. గడప దాటిందా, మీ నాన్నగారింటికి పంపించెయ్యాలి" అన్నారు. నా కుక్క మీద నమ్మకంతో నేను సరేనన్నాను.

నిరుడు నరక చతుర్దశి పొద్దున, పక్కనున్న మిర్చి కోల్డ్ స్టోరేజీ దగ్గర కాపలా ఉండే నేపాలీ అతను బ్రౌనీని పిలిచి, నుదుట ఎర్రగా ఇంత బొట్టు పెట్టి, మెడలో బంతిపూల దండ వేశాడు. వాళ్ళ దేశంలో ఆ రోజు కుక్కలకి పూజ చేస్తారట. ఆ సంబరంలో బ్రౌనీ గడప దాటి, హాలు దాటి, సరాసరి వంటింటి గుమ్మంలో నిలబడింది. లోపల అత్తగారు మడిచీరలో బూరెలు వండుతున్నారు. దాన్ని చూడగానే చేతిలో గరిటె పైకెత్తారు. ఇక దాన్ని ఒంగోలు పంపాల్సిందే అనుకున్నాను.

ఆవిడ దాని నుదుటి వంక చూసి, మెల్లగా గరిటె దించారు.

"బొట్టు పెట్టుకుని వచ్చినదాన్ని పండగ పూట ఎలా పొమ్మంటాం అమ్మాయ్? నైవేద్యం అయ్యాక బూరె పెడతాను. అందాకా నన్ను తాకకుండా కూర్చోమను."

ఎవరి ఆచారమైనా మా అత్తగారికి ఆచారమే. బ్రౌనీ ఇప్పటికీ గేటు దగ్గరే ఉంటుంది. కానీ ఈ ఏడాది నరక చతుర్దశికి ఆవిడే కుంకుమ భరిణె నా చేతికిచ్చారు.

"బొట్టు పెట్టి పిలువు. లేకపోతే ఎలా వస్తుంది?"