పై అరలో గాజు డిష్

డాక్టర్లు లేని ఊళ్ళో మూడేళ్ళు పనిచేస్తే ఈ దేశంలో ఉండనిస్తామన్నారు వీసా వాళ్ళు. సరేనని మోంటానా కొండల్లో, సరస్సు ఒడ్డున ఉన్న ఆ ఊరికి వెళ్ళాను. ఒక పెట్రోలు బంకు, ఒక చర్చి, నా క్లినిక్కు, నలభై ఇళ్ళు. పెద్దాసుపత్రికి పోవాలంటే కనుమ దాటి గంటన్నర. సరస్సు అందంగా ఉండేదా అంటే ఉండేది. మొదటి నెల చూశాను. తర్వాత చూసే ఓపిక ఎక్కడ ఏడ్చింది! మా ఆయనకి ఎక్కడో దూరాన ప్లేనో నగరంలో ఉద్యోగం. రెండు నెలలకోసారి వచ్చి, "అబ్బ, ఏం వ్యూ!" అని ఫోటోలు తీసుకుని వెళ్ళేవారు.

పక్కింట్లో ఎనభై దాటిన ముసలావిడ ఒక్కతే ఉండేది. నేను దిగిన వారమే, ఒక గురువారం సాయంత్రం, గాజు డిష్‌లో బంగాళదుంపలూ చీజూ వేసి కాల్చిన వంటకం తెచ్చింది. మర్నాడు డిష్ కడిగాను. ఖాళీగా ఎలా ఇస్తాను? కనీసం చిటికెడు పంచదారైనా వెయ్యకుండా గిన్నె తిరిగిస్తే మా అమ్మ ఊరుకునేది కాదు. ఆదివారం పులిహోర కలిపి, డిష్ నిండా పెట్టి ఇచ్చాను. అదే నేను చేసిన పొరపాటు. గురువారానికి డిష్ మళ్ళీ నిండుగా వచ్చింది.

అలా రెండేళ్ళు! గురువారం ఆవిడ, ఆదివారం నేను. పులిహోర, ఉప్మా, కేసరి. "నీ పసుపు అన్నం తిని నా వేళ్ళు పచ్చబడ్డాయి" అని నవ్వేది. నాకు నవ్వొచ్చేది కాదు. వారమంతా దగ్గులూ జ్వరాలూ విరిగిన చేతులూ చూసి, దొరికిన ఒక్క ఆదివారం కూడా పొయ్యి దగ్గరేనా? నిజం చెబుతున్నాను, ఆ డిష్ కనబడితే ఒళ్ళు మండేది.

మూడో చలికాలంలో ఫోన్‌లో మా ఆయన దగ్గర ఏడ్చేశాను.

"ఖాళీగా రిటర్న్ చేసెయ్. ఆవిడే స్టాప్ చేస్తుంది" అన్నారు.

"ఖాళీ గిన్నె ఇవ్వకూడదండీ."

"ఆవిడకేం తెలుసు? నువ్వు రెస్ట్ తీసుకో ముందు."

ఆ ఆదివారం ఖాళీ డిష్ ఆవిడ వరండాలో పెట్టి, తలుపు కూడా తట్టకుండా వచ్చేశాను. గురువారం ఏమీ రాలేదు. హమ్మయ్య అనుకున్నాను. పచ్చడన్నం తిని పెందలాడే పడుకున్నాను. ఎన్నాళ్ళకో హాయిగా నిద్రపట్టింది.

శుక్రవారం పొద్దున్న క్లినిక్కుకి బయల్దేరుతుంటే ఆవిడ వంటింట్లో లైటు ఇంకా వెలుగుతోంది. చిమ్నీలో పొగ లేదు. ఆ ఊళ్ళో ఎవరూ తలుపులకి తాళం వెయ్యరు. తోసుకుని లోపలికి వెళ్ళాను. ఆవిడ నేలమీద పడి ఉంది. పక్కనే స్టూలు బోర్లాపడి ఉంది. తుంటి విరిగింది. ఒళ్ళు మంచుముద్ద. నాడి అందుతోంది, తెలివిలోనే ఉంది. దేవుడా అనుకుంటూ ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పి, అంబులెన్సుకి ఫోన్ చేశాను.

"ఎప్పుడు పడ్డారు?"

"నిన్న సాయంత్రం. నిన్ను పిలిచాను, డాక్టర్. వినబడలేదేమో."

నేను నిద్రపోతున్నానని చెప్పలేకపోయాను.

అంబులెన్సు వచ్చేలోగా ఆసుపత్రికి పంపే కాగితం నింపాలి. పేషెంటుని అడగాల్సినవన్నీ అడిగాను. "ఈ వయసులో స్టూలు ఎందుకు ఎక్కారు?" అని కసిరాను కూడా.

ఆవిడ కళ్ళెత్తి పైకి చూసింది. నేనూ చూశాను. పై అరలో, చేతికి అందనంత ఎత్తులో, గాజు డిష్.

"ఖాళీగా వచ్చిందిగా, ఇంక అక్కర్లేదు కాబోలని పైన పెట్టేశాను" అంది. "నిన్న గురువారం వచ్చేసరికి మనసు ఒప్పుకోలేదు. పాపం నువ్వు అలిసిపోయి ఉంటావు, నేనైనా వండుదామని దించబోయాను."

కాగితంలో పడిపోవడానికి కారణం రాయమన్న చోట, 'స్టూలు మీంచి జారారు' అని రాశాను.