పదో ఆటగాడు

ఆదివారం పొద్దున బాస్కెట్‌బాల్ ఆడుకుని, గుంటూరు బ్రాడీపేటలో టిఫిను చేసి ఇళ్లకు పోవడం మా అలవాటు. అందరం నలభై దాటినవాళ్లమే. ఆ వారం ఒంగోలు వాళ్లతో మ్యాచ్ కుదిరింది. మా జట్టుకు ఎవరో ముద్దుగా ఆల్‌స్టార్ టీమ్ అని పేరు పెట్టారు. అది విన్నప్పటినుంచి నా మనసు మనసులో లేదు. పది మంది జట్టులో తొమ్మిది మంది ఖాయమయ్యారు. పదో చోటు మిగిలింది. అది నాకు కావాలి.

మాకొక కట్టుబాటు ఉంది. టిఫిను బల్ల దగ్గర జట్టును ఎంచుకునేటప్పుడు ఎవరి పేరు వాళ్లు చెప్పుకోకూడదు, పక్కవాడు ఎత్తాలి. అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటారు. మా దగ్గర అడిగినవాడికే పెట్టరు.

అందుకని నేనొక ఎత్తు వేశాను. నా పక్కన కూర్చున్నవాడు కాలేజీ రోజులనుంచి నా జతగాడు. మార్టూరులో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ నడుపుతూ, ఆదివారమైతే ఆట కోసం గుంటూరు వస్తాడు. వాడి పేరు నేనెత్తితే, మర్యాదకైనా ‘నేనెందుకు, వీడున్నాడుగా’ అంటాడు కదా.

అప్పటికే ఎవరో మంగళగిరి చీరల కొట్టాయన పేరు ఎత్తారు.

"ఆయన దూరంనుంచి వేస్తే పడాల్సిందేనండీ!"

నాకు ఒళ్లు మండింది.

"బుట్టలో వేసేవాడు అందరికీ కనపడతాడండీ. బుట్టకి తగిలి వెనక్కొచ్చే రీబౌండుకి దూకేవాడు, అడ్డం నిలబడి దెబ్బలు తినేవాడు ఎవరికీ కనపడడు. మనకి కావాల్సింది వాడే. మా మార్టూరువాడు లేడూ!" అన్నాను.

పేరు వాడిది, వర్ణన నాది. వాడేమో తలెత్తకుండా దోసె తుంచుకుంటున్నాడు. బల్ల కింద నా కాలు ఆగకుండా ఊగుతోంది. కాఫీ చల్లారిపోయింది. ‘ఇప్పుడైనా నోరు విప్పరా’ అనుకుంటూ మళ్లీ మొదలుపెట్టాను, ఇంకా గట్టిగా. పక్క బల్లవాళ్లు తిరిగి చూశారు.

జట్టును ఖాయం చేసే పెద్దాయన చేయెత్తారు.

"సరేనయ్యా, ఇంతలా చెబుతున్నావుగా. అతనే!"

చీరల కొట్టాయన కూడా తలూపాడు. అక్కడితో అయిపోయింది.

చేతులు కడుక్కునే చోట వాడు నా భుజం పట్టుకున్నాడు.

"ఒరేయ్, నా కోసం ఇంతలా ఎవరూ మాట్లాడలేదురా. నీ పేరే ఎత్తుదామనుకున్నా. కానీ నీ మోకాలి సంగతి తెలిసి ఎలా ఎత్తమంటావ్?"

మోకాలు! చేతికొచ్చిన బంతి జారవిడిచినప్పుడల్లా నేను పట్టుకుని మూలిగే మోకాలు. దానికి ఏ రోగమూ లేదు. ఆ మాట చెప్పేద్దామని నోరు తెరిచాను. వాడి కళ్లు చెమ్మగా ఉన్నాయి.

"అవున్రా, ఇంకా నొప్పిగానే ఉంది" అన్నాను.

ఏడుపొచ్చింది, నామీద నాకే. వాడు నా చేయి పట్టుకుని జాగ్రత్తగా హోటల్ మెట్లు దింపాడు. మిగతావాళ్లంతా చూస్తున్నారు. ఏ కాలో ఒక్క క్షణం గుర్తు రాలేదు. ఎడమదే అయ్యుంటుందని, స్కూటరు దాకా కుంటుకుంటూ వెళ్లాను.