తప్పు ఒప్పుకున్న నర్సన్న

మొన్న శుక్రవారం కడప నుంచి ఫోన్ వచ్చింది. మా నర్సన్న పోయాడని ఆయన కొడుకు చెప్పాడు. నన్ను తరచూ తలుచుకునేవాడట. ఏమని తలుచుకున్నాడో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. నా తప్పు దాచి ఆయన గురించి రాయడం కుదరదు కాబట్టి, రెండూ చెబుతున్నాను.

గల్ఫ్ యుద్ధం నాటికి మేమిద్దరం సౌదీలో, అల్ ఖోబర్‌కు గంట దూరంలో, నేరం చేసిన మైనరు పిల్లలను ఉంచే ఒక వసతి గృహంలో పనిచేసేవాళ్లం. ఆయన దవాఖానా గదిలో నర్సు. నేను జగిత్యాల నుంచి వెళ్లిన కాపలావాణ్ణి. కొత్త పిల్లవాడు రాగానే ఏం కేసని ఆరా తీయడం నా అలవాటు. ఆయన నాలుక చూసేవాడు, గోళ్లు కత్తిరించేవాడు. "ఏం చేసినాడో పోలీసోళ్లకు కావాల అబ్బీ, మనకు జొరమెంతో కావాల" అనేవాడు. బిళ్ల ఇస్తే వాడు మింగేదాకా పక్కనే కూర్చుని తానూ ఓ గ్లాసు నీళ్లు తాగేవాడు. అన్న డ్యూటీ సగం బాత్‌రూంలోనే అని మేం ఏడిపించేవాళ్లం.

దొంగతనం కేసులో వచ్చిన ఒక పిల్లవాడికి మూర్ఛ ఉండేది. ఫిట్స్ వస్తే వెంటనే తనను పిలవమని అన్న నాకు పదిసార్లు చెప్పాడు. ఒక సాయంత్రం క్షిపణుల సైరన్ మోగింది. మిగతా పిల్లలు కిందికి పరుగెత్తారు. వాడు గదిలో పడి కొట్టుకుంటున్నాడు. పారిపోవడానికి నాటకమాడుతున్నాడనుకున్నాను. బయట గడియ పెట్టి నా ప్రాణం నేను చూసుకున్నాను. సైరన్ ఆగాక అన్నే తలుపు తీశాడు. వాడు బతికాడు గానీ, నాలుక తెగి మాట ముద్దగా అయిపోయింది.

వసతి గృహానికి పెద్ద అయిన ముదీర్ పిలిచి అడిగితే, వాడికి జబ్బున్నట్టు నాకెవరూ చెప్పలేదన్నాను. పెద్దసారు ముందు అంత తేలిగ్గా అబద్ధం ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. అన్న నా వైపు ఒకసారి చూసి, చెప్పడం తానే మరిచిపోయానని ఒప్పుకున్నాడు. నెల తిరక్కుండా ఆయన్ను ఉద్యోగంలోంచి తీసేసి, ఇంటికి పొమ్మని ఎగ్జిట్ కొట్టారు. నేను మరో పదకొండేళ్లు అక్కడే, సిగ్గుపడుతూనే, జీతం తిన్నాను.

అన్న వెళ్లే రోజు టాక్సీ వచ్చి ఆగింది. ఎందుకట్ల జేసినవన్నా అని అడిగాను.

"తప్పు చేసినోణ్ణి తరిమేస్తే వాడు బాగయ్యేదెప్పుడు అబ్బీ?" అన్నాడు.

తర్వాత ఇస్త్రీ చొక్కాతోనే గది నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. మూర్ఛ వచ్చినవాణ్ణి ఎలా ఒత్తిగిలించాలో తన మీద చేసి చూపమన్నాడు. మొదటిసారి తప్పుగా పట్టుకున్నాను. కళ్లు మూసుకునే, ఇంకోసారి అన్నాడు. బయట టాక్సీవాడు హారన్ కొడుతున్నాడు. భుజం పట్టి నా వైపు తిప్పాను. ఆయన బరువంతా నా మోకాళ్ల మీదికి వాలింది.