ఎవరి అభిప్రాయాలు

మా ఆవిడ పోయాక బ్లాగు మొదలుపెట్టాను. మేముండే పాయింట్ కుక్ శివారు నుంచి ఆఫీసులకు కారులో వెళ్తూ రోజూ ఏదో ఒకటి వాదించుకునేవాళ్లం. ఇప్పుడు వినేవాళ్లు లేరు.

మొదటి పేజీలో, ఇక్కడ నా సొంత అభిప్రాయాలే ఉంటాయని పాఠకులకు చెప్పాను. దాని కిందే, పిల్లల్ని బలవంతంగా ఆదివారం తెలుగు బడికి పంపకూడదని రాశాను. మా అమ్మాయికి తెలుగు చదవడం రాదు కనుక చదివి వినిపించాను.

“నాన్నా, దట్స్ అమ్మ. యూ మేడ్ మీ గో,” అంది.

నిజమే. ఆవిడ వద్దంటే నేనే పంపాను. తర్వాత మనసు మార్చుకున్నానో, ఆవిడ మాట మళ్లీ వినాలనిపించి రాశానో తెలియలేదు. చివరికి సొంత అభిప్రాయాలన్న ఆ మొదటి వాక్యం తీసేసి, “ఇక్కడ రాసినవాటిలో కొన్నిటిని ఒకప్పుడు నేనే కాదన్నాను. ఎందుకు మారానంటే చెప్పలేను” అని పెట్టాను.