పిన్నీసుతో తెరుచుకున్న వైఫై

ఈ పొద్దున ఇంటర్నెట్ మెకానిక్ వచ్చి, పాత డబ్బా విప్పేసి నాలుగు కొమ్ముల కొత్త వైఫై డబ్బా బిగించి, ఇకనుంచి ఫోనులో మా వైఫైకి రెండు పేర్లు కనబడతాయనీ, ఒకటి జోరుగా పరుగెత్తినా గోడ అడ్డమొస్తే నీరసపడుతుందనీ, రెండోది నెమ్మదిగా నడిచినా ఇల్లంతా తిరుగుతుందనీ ఓపిగ్గా చెబుతుంటే, అన్నీ తెలిసినవాడిలా తలూపాను. ఇలాంటి తేడాలు తెలియకే ఒకప్పుడు మా అన్న కూతురి చదువును గండంలో పడేశాను. నా ఈడు వాళ్లతో ఆ సంగతి చెప్పుకోవడానికి సిగ్గెందుకు.

నేనప్పుడు మెదక్‌లో హైస్కూలు హెడ్మాస్టరును. పాపన్నపేటలో వ్యవసాయం చేసుకునే మా అన్న, తన కూతురు ఇంజనీరింగు కాలేజీల పేర్లు నెట్‌లో ఎంచుకోవాలనీ, ఇంటర్నెట్ సెంటర్లలో జనం కిటకిటలాడుతున్నారనీ దిగులు పడితే, మా ఇంట్లోనే చేయిస్తానని గొప్పగా మాటిచ్చి, నెట్ పెట్టించి వైఫై డబ్బా కొన్నాను. మా బడిలో కంప్యూటరు పాఠాలు చెప్పే సారు తన కొత్త లాప్‌టాప్ తెచ్చి దాన్ని అమరుస్తూ, వైఫైలో బి, జి, ఎన్ అని తరాలున్నాయనీ, ముందుదానికంటే తర్వాతది చురుకనీ, మూడింటినీ కలిపి ఉంచితే ఏ లాప్‌టాప్ అయినా అందుకుంటుందనీ వివరించారు. ఏళ్ల తరబడి పిల్లల్ని తరగతులవారీగా కూర్చోబెట్టిన బుద్ధి ఎక్కడికి పోతుంది, పదో తరగతి గదిలో ఐదో తరగతి వాళ్లెందుకని, ఎన్ ఒక్కదాన్నే ఉంచమన్నాను. హెడ్మాస్టరు మాట కాదనలేక ఆయన అలాగే చేశారు, తన లాప్‌టాప్‌లో నెట్ జోరుగా రావడం చూపించి, మా ఆవిడ పెట్టిన ఉప్మా తిని, శంకరంపేట బస్సెక్కి ఊరికి వెళ్లిపోయారు.

కాలేజీలు ఎంచుకోవడానికి ఆఖరి రోజున అన్నా, అన్న కూతురూ షేర్ ఆటో దిగారు. సాయంత్రం అయిదింటికల్లా పని ముగించకపోతే ఆ ఏడాదికి పిల్ల చదువు ఆగినట్టే. అన్న కొనిపెట్టిన సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్‌కు నెట్ తీగ గుచ్చే చోటు ఎప్పుడో విరిగిపోయింది కాబట్టి వైఫై ఒక్కటే దిక్కు, అందులో చూస్తే మా వైఫై పేరే లేదు. డబ్బా మీద దీపాలేమో చక్కగా వెలుగుతున్నాయి. దాన్ని బీరువా మీది నుంచి దించాను, కిటికీలో పెట్టాను, చివరికి పిల్ల పక్కనే పెట్టాను, ఫలితం లేదు. నాలుగు దాటింది. అన్న మా ఆవిడ ఇచ్చిన టీ కూడా వద్దని అరుగు మీద కూర్చున్నాడు.

కంప్యూటరు సారుకు ఫోన్ చేస్తే, లాప్‌టాప్ ఏ కాలం నాటిదని అడిగి, నవ్వాపుకుని, “సార్, మీరు ఎన్ ఒక్కదానికే తలుపు తీపిచ్చిండ్రు, గా పాతదానికి జి దాకనే వస్తది. డబ్బా ఎనుక చిన్న బొక్క ఉంటది, సన్నటిదేమన్న పెట్టి జర సేపు ఒత్తుండ్రి, మొదట్ల ఎట్లుండెనో గట్లయితది” అన్నారు. నేను పెన్నుతో తంటాలు పడుతుంటే మా ఆవిడ గాజుకు వేలాడే పిన్నీసు తీసి, నన్ను పక్కకు జరిపి, ఆ రంధ్రంలో ఒత్తిపట్టుకుంది. దీపాలన్నీ ఆరి మళ్లీ వెలిగాయి, లాప్‌టాప్‌లో వైఫై పేరు కనబడింది, పాస్‌వర్డ్ కూడా అడగలేదు. అయిదుకు ఇంకా పావుగంట ఉండగానే పిల్ల పని ముగించింది. అన్న అప్పుడు టీ అడిగి తాగాడు.

ఆ తర్వాత సెట్టింగుల్లో వేలు పెట్టే ధైర్యం లేక వైఫైని పాస్‌వర్డ్ లేకుండానే వదిలేశాను. సంగతి ఎలా పాకిందో గానీ, చర్చి దగ్గరి టీచరమ్మ, ఏడుపాయల గుడికి మనుషుల్ని తిప్పే ఆటోవాళ్లు, పక్కింటి కోడలు, అందరూ ఫోనులు పట్టుకుని మా అరుగు మీద చేరేవారు. నెట్ నత్తనడక నడిచేది, మా ఆవిడ విసుక్కుంటూనే అందరికీ మంచినీళ్లిచ్చేది, నాకైతే ఆ సందడి ఎంతో ఇష్టంగా ఉండేది.

ఇవాళ కొత్త డబ్బా సంగతి చెబుదామని ఫోన్ చేస్తే, ఇప్పుడు హైదరాబాదులో ఆఫీసులకు నెట్‌వర్కులు అమర్చే ఉద్యోగం చేస్తున్న ఆ అన్న కూతురు, “చిన్నాయనా, ఇప్పుడన్న పాతోళ్లను రానిస్తున్నవా?” అని ఏడిపించింది. ఈ డబ్బా మనల్ని అడగకుండానే పాతవాటినీ కొత్తవాటినీ తనే చేరదీస్తుందట, సంతోషం. మెకానిక్ మరీ మరీ చెప్పాడని గట్టి పాస్‌వర్డ్ పెట్టాను. పెట్టకపోయినా వచ్చేవారెవరు, ఎవరి ఫోనులో వాళ్లకు నెట్ ఉంది. అరుగు మీద మా ఆవిడ వడియాలు ఎండబెట్టింది. వాటిని కాస్త జరిపి కూర్చుని, ఫోనులో జోరుగా పరుగెత్తే పేరును వదిలేసి నెమ్మదైన పేరునే ఎంచుకున్నాను. అది అరుగు దాకా వస్తుంది.